తాను గోడనని తెలిసిన గోడ

కాగితం మీద గోడను ఎలా గీస్తారు? దగ్గర దగ్గరగా రెండు సమాంతర రేఖలు గీస్తే అది గోడ. మధ్యలో కొంత తెంచి, అక్కడ పావు వృత్తం గీస్తే అది తలుపు. ఇల్లు కట్టేటప్పుడు మీ నాన్నగారు మడతపెట్టి దాచుకున్న ప్లాను కాగితం ఒకసారి విప్పి చూడండి, నిండా ఇవే కనిపిస్తాయి.

ఆ రెండు రేఖల్ని చూసి ఇంజనీరు గోడ అనుకుంటాడు. సుతారి మేస్త్రీ కూడా గోడ అనుకుంటాడు. ఇద్దరూ ముందే నేర్చుకున్నారు కాబట్టి అలా అనుకుంటారు. రేఖలకు మాత్రం తాము గోడ అని తెలియదు. అవే రెండు రేఖలు గ్రామ పటంలో ఉంటే రోడ్డు, నీటిపారుదల పటంలో ఉంటే కాలువ. కాగితం మీదివే కాదు, కంప్యూటరు తెర మీద గీసిన రేఖలదీ చాలాకాలం ఇదే పరిస్థితి. చేత్తో గీసేదాన్ని యంత్రంతో గీశారు, అంతే.

గీతలకు తెలియడమేమిటి, ఈ మాష్టారికి మతిపోయిందా అని నవ్వుకోకండి. తాను గోడనని తెలిసిన గోడ ఒకటి నిజంగానే ఉంది. తన పొడవెంతో, మందమెంతో, ఇటుకతో కట్టిందో సిమెంటు దిమ్మెలతో కట్టిందో, తాను ఏ అంతస్తులో ఉందో, తనలో ఏ తలుపు బిగించారో, తన మీద ఏ దూలం ఆనుతుందో అడిగితే చెబుతుంది. అది కంప్యూటరులో ఉంటుంది. దాన్ని తయారుచేసే పద్ధతిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు. మనం భవన సమాచార నమూనా అందాం. ఆ రంగంలోని వారు పొడి అక్షరాలతో 'బిమ్' అంటారు. నిర్మాణ నిర్వహణ చదివే విద్యార్థులకు ఇప్పుడు దీన్ని పాఠంగా బోధిస్తున్నారు. ఆ పాఠంలో ఏముంటుందో హైస్కూలు లెక్కలతోనే చాలావరకు అర్థం చేసుకోవచ్చు.

మూడు కాగితాలు, ఒక బావి

మా లింగంపేటలో నాగన్న బావి అని పాతకాలపు మెట్లబావి ఉంది. పాడుపడి ఉన్న దాన్ని ఇటీవలి సంవత్సరాల్లో బాగుచేశారు. పైనుంచి చూస్తే రాతి మెట్లు, రాతి గోడలు, అడుగున నీళ్లు. ఎప్పుడైనా ఇటు వస్తే పెద్దవాళ్లను వెంటబెట్టుకుని చూడండి.

ఈ బావిని కాగితం మీద పెట్టాలంటే ఎన్ని బొమ్మలు కావాలి? ఆకాశంలో పక్షికి కనిపించినట్లు ఒకటి, అది ప్లాను. గుమ్మడికాయను కోసినట్లు బావిని నిలువునా కోస్తే కనిపించేది రెండోది, అది నిలువుకోత. మెట్ల దగ్గర నిలబడి ఎదురుగోడను చూస్తే కనిపించేది మూడోది. ఈ మూడింటినీ చూసి మనసులో బావిని కట్టుకోవాలి. అది అందరికీ ఒకేలా రాదు.

అసలు ఇబ్బంది మరొకటి. ఆ మూడు కాగితాలకూ ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. ప్లానులో 20 మెట్లు గీసి, నిలువుకోతలో 21 గీస్తే ఏ కాగితమూ అభ్యంతరం చెప్పదు. పనివాడు మెట్లు కట్టడానికి వచ్చినప్పుడు గాని ఆ తేడా బయటపడదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న గోడ. ఘనపరిమాణం 5 × 3 × 0.2, అంటే 3 ఘనమీటర్లు. మనదేశపు ప్రామాణిక ఇటుక 19 × 9 × 9 సెంటీమీటర్లు. చుట్టూ మాలు కూడా కలిపితే 20 × 10 × 10. అలాంటివి ఒక ఘనమీటరులో 500 పడతాయి. (మన బట్టీల ఇటుక కొలతలు వేరుగా ఉంటాయి. లెక్క సులువుగా ఉంటుందని దీన్ని తీసుకున్నాను.) మొత్తం గోడకు 1500 ఇటుకలు. అందులో 1 మీటరు వెడల్పు, 2 మీటర్ల ఎత్తుగల తలుపు పెట్టారు. 0.4 ఘనమీటరు తగ్గింది. 200 ఇటుకలు మిగిలాయి. కావలసినవి 1300.

ఇంతలో ఇంటి యజమాని వచ్చి, తలుపు అర మీటరు వెడల్పు పెంచండి, మంచం లోపలికి పోవాలి అన్నాడు. ఇప్పుడు ఏమేం మార్చాలి? ప్లాను మార్చాలి. ఎదురుబొమ్మ మార్చాలి. నిలువుకోత ఆ తలుపు మీదుగా పోతే అదీ మార్చాలి. తలుపుల పట్టికలో వెడల్పు మార్చాలి. తలుపు పైన ఉండే లింటెల్ పొడవు, అందులోని రాడ్ల పొడవు మార్చాలి. ఇటుకల లెక్క 1200కు తగ్గించాలి. ఆరు చోట్ల మార్పు. ఐదు చోట్ల మార్చి ఒక్కచోట మరిచిపోతే చాలు, వడ్రంగి ఒక కొలతతో తలుపు చేసుకొస్తాడు, మేస్త్రీ మరో కొలతతో సందు వదులుతాడు.

భవన సమాచార నమూనాలో మార్చేది ఒక్కటే, తలుపు వెడల్పు. తలుపు ఆ గోడదని నమూనాకు తెలుసు. కనుక గోడలోని సందు తానే పెరుగుతుంది. ప్లాను, నిలువుకోత, పట్టిక, ఇటుకల లెక్క అన్నీ ఆ ఒకే నమూనా నుంచి తీసినవే కనుక తామంతట తామే మారతాయి. బొమ్మలు వేరువేరుగా గీయడం పోయి, ఒక వస్తువును తయారుచేసి దాని బొమ్మలు తీసుకోవడం వచ్చింది.

ఇది నిన్నటి ఆలోచన కాదు

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రామును తయారుచేశాడు. వెలుతురు కలంతో తెర మీద గీస్తే కంప్యూటరు ఆ గీతను గుర్తుపెట్టుకునేది. గీతల కథ అక్కడ మొదలైంది. దశాబ్దం తిరిగేసరికి పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఈస్ట్‌మన్ గీతలతో సరిపెట్టుకోలేదు. భవనాన్ని గీతలుగా కాక భాగాలుగా, అంటే గోడలు, దూలాలు, కిటికీలుగా కంప్యూటరులో నిలవచేయాలన్నాడు. అలా చేస్తే ఏ కోణం నుంచైనా బొమ్మలు అందులోంచే తీయవచ్చునని, సామగ్రి లెక్కలూ అందులోంచే వస్తాయని 1975లోనే రాశాడు.

అప్పటి కంప్యూటర్లకు అంత శక్తి లేదు. ఆలోచన ముందు పుట్టింది, యంత్రం వెనుక వచ్చింది. 1980లలో హంగేరీ దేశపు బుడాపెస్టులో గ్రాఫిసాఫ్ట్ అనే సంస్థ చిన్న కంప్యూటర్ల మీద పనిచేసే ఆర్కీకాడ్‌ను తెచ్చింది. 2000లో రెవిట్ వచ్చింది, 2002లో దాన్ని ఆటోడెస్క్ సంస్థ కొన్నది. ఒక సంస్థ సాఫ్ట్‌వేర్లో చేసిన నమూనా మరో సంస్థ సాఫ్ట్‌వేర్లో తెరుచుకోకపోతే మళ్లీ మొదటికే వస్తాం కదా! అందుకని అందరికీ పనికివచ్చే ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి రూపాన్ని ఏర్పరిచారు. 2013లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. 2016 ఏప్రిల్ నుంచి బ్రిటన్ తన కేంద్ర ప్రభుత్వ నిధులతో చేపట్టే నిర్మాణాలకు ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది.

మనదేశంలో నాగపూరు మెట్రో రైలు పనుల్లో దీన్ని పెద్ద ఎత్తున వాడారు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో సివిల్ ఇంజనీరింగు డ్రాయింగు పాఠంలోకి దీని ప్రాథమికాంశాలు చేరాయి.

గొట్టానికీ దూలానికీ తగాదా

మా బంధువులొకరు కొన్నేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నారు. స్లాబు పోశారు, సెంట్రింగు విప్పారు, గోడలు లేచాయి. ఆ తర్వాత స్నానాల గది మురుగు గొట్టం వేసేవాడు వచ్చాడు. గొట్టం పోవలసిన దారిలో దూలం అడ్డంగా ఉంది. అతడు మంచి పనివాడే. కానీ గొట్టం వేయమని చెప్పినవారెవరూ దూలం సంగతి చెప్పలేదు. ఉలి తీసుకుని దూలం అడుగుభాగం చెక్కడం మొదలుపెట్టాడు. రాడ్లు బయటికి కనిపించేదాకా చెక్కాడు.

అది ఎంత ప్రమాదమో తెలియాలంటే మీ జామెట్రీ పెట్టెలో ఉన్న రబ్బరు తీయండి. దాని పక్కభాగం మీద పెన్నుతో నాలుగైదు నిలువు గీతలు సమాన దూరంలో గీయండి. రెండు చివర్లూ రెండు వేళ్ల మీద ఆనించి, మధ్యలో బొటనవేలితో కిందికి నొక్కండి. పైన గీతలు దగ్గరయ్యాయి, కింద దూరమయ్యాయి. అంటే బరువు మోసే దూలంలో పైభాగం నలుగుతుంది, అడుగుభాగం సాగుతుంది. కాంక్రీటు నలుగుడును బాగా తట్టుకుంటుంది. సాగుడును తట్టుకోవడంలో దాని బలం సుమారు పదోవంతే. ఆ లోటు తీర్చడానికే అడుగున ఉక్కు రాడ్లు వేస్తారు. మన పనివాడు చెక్కింది సరిగ్గా ఆ చోటే! ఇంజనీరు వచ్చి పని ఆపించి, దూలానికి ఆధారాలు పెట్టించి, బాగుచేయించి, గొట్టాన్ని వేరే దారిన పంపేసరికి నెల గడిచింది.

ఇందులో తప్పెవరిది? గొట్టం బొమ్మ ఒకరి దగ్గర, దూలం బొమ్మ మరొకరి దగ్గర ఉన్నాయి. రెంటినీ ఒకచోట పెట్టి చూసినవారు లేరు. నిర్మాణ నిర్వహణ అనే చదువు పుట్టింది ఇలాంటి చోటే. భవనాన్ని ఊహించేవాడు ఆర్కిటెక్టు, దాని బలం లెక్కకట్టేవాడు ఇంజనీరు. దాన్ని అనుకున్న రోజులకు, అనుకున్న ఖర్చులో, పనివాళ్లెవరికీ దెబ్బ తగలకుండా నేల మీద నిలబెట్టించేవాడు నిర్వాహకుడు. పెళ్లి ఇంట్లో పెద్దమనిషి పనే! వంటవాడు, పందిరివాడు, మేళంవాడు ఎవరి పని వారికి తెలుసు. ఎవరి తర్వాత ఎవరు రావాలో తెలిసినవాడు ఒకడుండాలి.

ఈ చదువులో బిమ్ పాఠం ఎలా నడుస్తుందో చూడండి. విద్యార్థులను జట్లుగా విడదీసి, అందరికీ ఒకే భవనాన్ని ఇస్తారు. ఒక జట్టు గోడలు, తలుపులు చేస్తుంది. ఒక జట్టు పునాదులు, పిల్లర్లు, దూలాలు, స్లాబులు చేస్తుంది. మరో జట్టు నీటి గొట్టాలు, కరెంటు తీగల తొట్లు, గాలి గొట్టాలు చేస్తుంది. ఎవరి నమూనాలో వారికి అంతా ముద్దుగానే ఉంటుంది. తర్వాత మూడింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి, ఒకే చోటును రెండు వస్తువులు ఆక్రమించిన తావులన్నీ చూపించమని కంప్యూటరును అడుగుతారు. రెండు వస్తువులు ఒకే సమయంలో ఒకే స్థలంలో ఉండలేవని ఆరో తరగతిలో చదువుకున్నారు గదా! కంప్యూటరు చేసేది ఆ సూత్రాన్ని ప్రతి జతకూ వేసి చూడడమే. పెద్ద భవనంలో ఇలాంటి ఢీలు వందలూ వేలూ రావడం మామూలే.

జాబితా రావడంతో పాఠం అయిపోయిందనుకుంటారు చాలామంది. నా దృష్టిలో అక్కడే మొదలవుతుంది. మురుగు గొట్టం, కరెంటు తొట్టి ఒకదానికొకటి అడ్డం వచ్చాయనుకోండి. ఎవరు తప్పుకోవాలి? కంప్యూటరు చెప్పదు. భౌతికశాస్త్రం చెబుతుంది. మురుగు తన బరువుతో తానే పారాలి, కనుక గొట్టానికి వాలు ఉండాలి. 60కి 1 వాలు అనుకుంటే 6 మీటర్ల దూరంలో గొట్టం 10 సెంటీమీటర్లు దిగాలి. దాన్ని పైకెత్తి దూలం మీదుగా దాటించడం కుదరదు. కరెంటుకు వాలుతో పనిలేదు, తీగ పైకీ పోతుంది, పక్కకూ పోతుంది. కాబట్టి తీగే తప్పుకోవాలి. ఒత్తిడితో పారే మంచినీటి గొట్టం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, కొంత వంగగలదు.

తగలకపోయినా ఢీ అయ్యేవి కొన్ని ఉన్నాయి. గోడకూ కవాటానికీ మధ్య 2 సెంటీమీటర్ల సందు ఉందనుకోండి. కంప్యూటరు లెక్క ప్రకారం తగలలేదు. కానీ ఆ కవాటం తిప్పడానికి మనిషి చేయి దూరవద్దా? అందుకే కొన్ని వస్తువుల చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో విద్యార్థి ముందే ఆలోచించి నమూనాకు చెప్పాలి. చేతికి ఎంత చోటు కావాలో తెలియాలంటే ఒక్కసారైనా తానే పానా పట్టి తిప్పి ఉండాలి.

కాలం కూడా ఒక కొలతే

పొడవు, వెడల్పు, ఎత్తు మూడు కొలతలు. ప్రతి వస్తువుకూ అది ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో రాసిపెడితే కాలం నాలుగోది అవుతుంది. అప్పుడు తెర మీద భవనం రోజురోజుకూ పెరగడం చూడవచ్చు. చూడ ముచ్చటగా ఉంటుంది గాని, దాని ఉపయోగం ముచ్చట కాదు. స్లాబు పోశాక కింద పెట్టిన ఆధారాలు ఎప్పుడు తీయాలి? మామూలు సిమెంటుకు మన భారతీయ ప్రమాణం ప్రకారం, స్లాబు 4.5 మీటర్ల లోపు విస్తరించి ఉంటే కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. దూలాలైతే 6 మీటర్ల వరకు 14, ఆపైన 21 రోజులు. ఆ ఆధారాలు ఉన్నన్నాళ్లూ కింద గదిలో నేల పని చేయలేరు. నేల పనివాళ్లు పదో రోజునే వస్తున్నారని పట్టికలో రాసి ఉంటే, నాలుగు కొలతల నమూనాలో ఆ పనివాళ్లు ఆధారాల మధ్య నిలబడి కనిపిస్తారు. ఈ ఢీ స్థలానికి కాదు, కాలానికి సంబంధించినది. కాగితపు పట్టికలో ఇది కంటపడదు. కంటపడనప్పుడు ఏమవుతుందో తెలుసా? పని ఆగిపోకూడదని ఎవరో ఒకరు ఆధారాలు ముందే పీకేస్తారు. స్లాబులు కూలిన వార్తలు పత్రికల్లో మీరు చదివే ఉంటారు.

ఖర్చును ఐదో కొలత అంటారు. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు రాడ్డు బరువు కిలోల్లో వస్తుంది. రాడ్లు వంచే పనివారిని ఎవరినడిగినా ఈ సూత్రం చెబుతారు. 12 మిల్లీమీటర్ల రాడ్డుకు 144ను 162తో భాగిస్తే సుమారు 0.89 కిలో. (162 ఎలా వచ్చిందో ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలని తీసుకుని మీరే రాబట్టండి. పదో తరగతి వారికి పది నిమిషాల పని.) నమూనాకు ప్రతి రాడ్డు పొడవు తెలుసు కనుక మొత్తం ఉక్కు బరువు, దాని ఖరీదు వెంటనే చెబుతుంది.

దుబాయిలో ఉన్న మనవాళ్లు

ఇదంతా పట్నం చదువు, మాకెందుకు అనుకుంటున్నారేమో! లింగంపేట, ఎల్లారెడ్డి, కామారెడ్డి పల్లెల్లో గల్ఫు దేశాలకు పోయినవారున్న వాడ దొరుకుతుంది గాని, లేని వాడ దొరకదు. వారిలో ఎంతోమంది అక్కడ భవనాల పనిలోనే ఉన్నారు. రాడ్లు వంచుతారు, సెంట్రింగు బిగిస్తారు, గోడలకు గిలాబు చేస్తారు.

దుబాయి నగరపాలక సంస్థ 2013లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2014 జనవరి నుంచి 40 అంతస్తులు, ఆపైన ఉండే భవనాలకు, 3 లక్షల చదరపు అడుగులు, ఆపై విస్తీర్ణం గలవాటికి, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాల వంటివాటికి బిమ్ తప్పనిసరి అన్నది. 2015లో ఆ హద్దును 20 అంతస్తులకు, 2 లక్షల చదరపు అడుగులకు దించింది. అంటే మన పక్కింటి పెద్దనాన్న అక్కడ కట్టే పిల్లరు, ఆయన దాన్ని ముట్టుకోకముందే ఒక కంప్యూటరులో నిలబడి ఉంటుంది. అందులో ఎన్ని రాడ్లు, ఏ రోజు కాంక్రీటు, ఆ పిల్లరు నెంబరు ఎంత, అన్నీ అక్కడ రాసి ఉంటాయి.

కాని ఒక సంగతి అందులో రాసి ఉండదు. రాడ్లు మరీ దగ్గరదగ్గరగా ఉంటే మధ్యలోకి కంకర దిగదనీ, లోపల బొక్కలు మిగులుతాయనీ ఆ పెద్దనాన్నకు చేతివేళ్లతో తెలుసు. నమూనా చేసిన కుర్రవాడికి రాడ్లు ఒకదానికొకటి తగలలేదు కనుక అంతా సరిగ్గానే కనిపిస్తుంది. బిమ్ నేర్పే గురువులు విద్యార్థులను తెర ముందునుంచి లేపి పనిజరిగే చోటికి తీసుకుపోవాలని నేననేది ఇందుకే. కంప్యూటరు మీటలు నొక్కడం నేర్పే కేంద్రాలు అమీర్‌పేటలో ఎన్నయినా ఉంటాయి. నెల రోజుల్లో గోడలు గీయడం వస్తుంది. ఏ గోడ ముందు, ఏ గోడ తర్వాత, ఎందుకు అనేది నెల రోజుల్లో రాదు. రాడ్లు వంచే తండ్రి, సివిల్ చదివే కొడుకు ఒకే ఇంట్లో ఉన్న కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కాదు. వారిద్దరూ ఒక సాయంత్రం ఒకే బొమ్మ ముందు కూర్చుంటే ఎంత బాగుంటుందో!

సున్న ఎక్కడ?

నమూనా అబద్ధం చెప్పదా అని మీరడగవచ్చు. మనం చెప్పిన అబద్ధాన్ని ఎంతో అందంగా చెబుతుంది. జర్మనీ, స్విట్జర్లాండుల మధ్య రైన్ నది మీద లాఫెన్‌బర్గ్ అనే ఊరి దగ్గర వంతెన కట్టారు. రెండు ఒడ్డుల నుంచీ పని మొదలైంది. జర్మనీవారు ఎత్తులను ఉత్తర సముద్ర మట్టం నుంచి కొలుస్తారు, స్విస్‌వారు మధ్యధరా సముద్ర మట్టం నుంచి కొలుస్తారు. రెంటికీ తేడా 27 సెంటీమీటర్లు. ఆ తేడా ఉందని ఇంజనీర్లకు ముందే తెలుసు. అయితే సరిదిద్దేటప్పుడు కూడిక చేయవలసిన చోట తీసివేత జరిగింది. 27 పోవలసింది 54 అయింది! 2003లో ఆ సంగతి బయటపడింది.

అందుకే ఏ నమూనాకైనా మొదటి ప్రశ్న, సున్న ఎక్కడ అని. మనదేశపు ఎత్తులకు సున్నను 1909 నాటికి తొమ్మిది రేవుల్లో సముద్ర మట్టం కొలిచి నిర్ణయించారు, వాటిలో మన విశాఖపట్నం ఒకటి. జట్లుగా పనిచేసే విద్యార్థులు మొదటి రోజు గోడ ఒక్కటీ గీయకుండా సున్న ఎక్కడ పెట్టుకోవాలో నిర్ణయించుకోవాలి. ఎవరి సున్న వారు పెట్టుకుంటే, మూడు నమూనాలు కలిపిన రోజున గొట్టాలన్నీ ఆకాశంలో తేలుతుంటాయి.

ఇప్పుడు మళ్లీ నాగన్న బావి దగ్గరికి వద్దాం. కొత్త భవనానికి నమూనా ముందు, కట్టడం తర్వాత. పాత కట్టడానికి ఇది తలకిందులు. అది ఇప్పటికే ఉంది, నమూనా కావాలి. అలాంటి చోట లేజరుతో కొలిచే యంత్రాన్ని వాడతారు. యంత్రం ఒక కాంతి కిరణాన్ని పంపుతుంది, అది రాతికి తగిలి తిరిగివస్తుంది, పోయివచ్చిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. కాంతి సెకనులో వందకోట్లో వంతు కాలంలో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. 10 మీటర్ల దూరంలో ఉన్న రాతికి పోయిరావడానికి అలాంటి కాలపు తునకలు 67 పడతాయి. యంత్రం చుట్టూ తిరుగుతూ ఇలా లక్షల బిందువులు కొలుస్తుంది. తెర మీద చూస్తే చుక్కలతో చేసిన బావి.

చుక్కలకు మాత్రం తాము మెట్లమని తెలియదు! ఇది మెట్టు, ఇది గోడ, ఇది తర్వాతెప్పుడో అతికిన సిమెంటు అని మనిషే చెప్పాలి. పైగా సాఫ్ట్‌వేర్ తయారైంది తిన్నని గోడల కోసం. పాతకాలపు రాతిగోడ ఎక్కడా అంత తిన్నగా ఉండదు, ఉబ్బుతుంది, కుంగుతుంది. నమూనా అందంగా ఉండాలని ఆ వంకరను సాపు చేస్తే, గోడ ఎటు ఒరుగుతున్నదో తెలిపే ఆధారాన్నే మనం చెరిపేసినట్లు. ఐదేళ్ల తర్వాత మళ్లీ కొలిచి పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ చదువు మీద ఆసక్తి కలిగినవారికి ఒక మాట. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ఒక దారి, ఇంటర్ తర్వాత సివిల్ ఇంజనీరింగు మరో దారి. నిర్మాణ నిర్వహణనే ప్రధానంగా బోధించడానికి 1983లో ఏర్పడిన నిక్మార్ సంస్థకు హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలో ప్రాంగణం ఉంది. గణితం, భౌతికశాస్త్రం గట్టిగా ఉండాలి. కంప్యూటరు తర్వాత నేర్చుకోవచ్చు.

మీరే చేసి చూడండి

కంప్యూటరు లేకుండా మీ తరగతి గదికి భవన సమాచార నమూనా తయారుచేయవచ్చు. నలుగురు కలవండి. గదిలో ఒక మూలను సున్నగా, గడప పైభాగాన్ని ఎత్తులకు సున్నగా పెట్టుకోండి. టేపుతో కొలిచి, 1 సెంటీమీటరు 50 సెంటీమీటర్లకు సమానంగా గది ప్లాను గీయండి. గోడలు, తలుపు, కిటికీలు, దూలాలు, ఫ్యాను, స్విచ్చిబోర్డు, నల్లబల్ల ఒక్కొక్కదానికీ ఒక నెంబరు ఇచ్చి, ప్లాను మీద ఆ నెంబరు మాత్రమే రాయండి. పాత అట్టలు కత్తిరించి ప్రతి నెంబరుకూ ఒక కార్డు చేయండి. కార్డు మీద అది ఏమిటి, కొలతలు, దేనితో చేసింది, ఏ గోడకు చెందింది, తెలిస్తే ఎప్పుడు పెట్టారు అనేవి రాయండి. కిటికీ కార్డు మీద గోడ నెంబరు, గోడ కార్డు మీద కిటికీ నెంబరు ఉన్నాయో లేదో చూసుకోండి.

తర్వాత నూనె పూసిన కాగితాన్ని ప్లాను మీద పరిచి, మీ గదిలోకి కొత్తగా ఒక కుళాయి, ఒక వాష్‌బేసిన్, దాని మురుగు గొట్టం, ఒక కంప్యూటరుకు కావలసిన కరెంటు తీగ గీయండి. గొట్టానికి వాలు మరవకండి. ఏది దేనికి తగులుతున్నదో, ఎవరు తప్పుకోవాలో జాబితా రాయండి.

కొలతలు మాత్రం ఇద్దరిద్దరు విడివిడిగా తీయండి. గుడ్డ టేపు సాగుతుంది, ఇనుప టేపు వదులుగా పడితే మధ్యలో కుంగుతుంది, కాబట్టి రెండు జట్ల అంకెలు ఒకటి కాకపోవచ్చు. తేడా వస్తే రెంటినీ కూడి సగం చేయకండి, మూడోసారి కొలవండి. కార్డు వెనుక ఎవరు కొలిచారో, ఏ టేపుతో, ఏ తేదీన అన్నది రాసి ఉంచండి.